రురౌని కెన్‌షిన్ ఐదు సినిమాలు: మాంగాని మనుషులతో తీస్తే ఇట్లా తీయాలి

మాంగాని, అంటే జపాన్ బొమ్మల కథల్ని, మనుషులతో సినిమా తీస్తే పాడైపోతుంది అనే మాట అనిమే (జపాన్ కార్టూన్లు) చూసేవాళ్ళలో ఎంతగా పాతుకుపోయిందంటే, కొత్త లైవ్ యాక్షన్ ప్రకటన వచ్చిందో లేదో పోస్టర్ కూడా సరిగ్గా చూడకుండా తిట్టడం మొదలుపెడతారు. ఆ కోపానికి కారణాలు ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. కానీ రురౌని కెన్‌షిన్ సినిమాలు ఐదూ చూసినవాళ్ళు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. 2012లో మొదటిది, 2014లో రెండు, 2021లో రెండు. తొమ్మిదేళ్ళ పాటు అదే దర్శకుడు, అదే హీరో, అదే యాక్షన్ డైరెక్టర్. నేను చూసిన మాంగా సినిమాలన్నిటిలో మొదటి స్థానం వీటిదే, వీటి దరిదాపులకు వచ్చినవి కూడా తక్కువ.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ అనే అనిమే సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చాక మా తిరుపతిలో ఈ కబుర్లు బాగా పెరిగాయి. అంతకుముందు ఫోన్లో ఒంటరిగా చూసుకునే పిల్లలు ఇప్పుడు టీ అంగడి దగ్గర నిలబడి ఏ ఫైట్ గొప్పదని వాదించుకుంటున్నారు. మా పిన్ని కొడుకు ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడూ, వాడి స్నేహితులూ నన్ను పట్టుకుని "అన్నా, ఇట్లాంటివి నిజం మనుషులతో తీసినవి ఏమన్నా బాగుండాయా, లేకపోతే అన్నీ విగ్గు పెట్టుకోని ఎగిరేవేనా?" అని అడిగితే కూర్చోబెట్టి కెన్‌షిన్ వేశాను. నా పని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేయడం. కట్ ఎక్కడ పడాలి, మనిషి ఏ అడుగు దగ్గర అందంగా కనిపిస్తున్నాడు అని రోజంతా చూస్తుంటాను కాబట్టి ఇక్కడ నేను చెప్పేవి ఎక్కువగా కదలిక గురించే ఉంటాయి. కథ గురించి, పాత్రల గురించి లోతుగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

తెలియనివాళ్ళ కోసం కథ కొంచెం. నొబుహిరో వాట్సుకి ఈ మాంగాని 1994 నుంచి 1999 దాకా వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో గీశాడు, మొత్తం 28 సంపుటాలు. కథ జరిగేది 1878లో. జపాన్‌లో షోగున్‌ల పాలన కూలిపోయి చక్రవర్తి పేరు మీద కొత్త ప్రభుత్వం వచ్చి పదేళ్ళయింది, కత్తి కట్టుకుని బజారులో తిరగకూడదని 1876లోనే చట్టం చేశారు. ఆ పాలన మార్చే గొడవల్లో, ఇంకా మీసాలు కూడా రాని వయసులో, రాత్రిళ్ళు మనుషుల్ని నరికి "బట్టోసాయ్" అని పేరు పడ్డ ఒక కుర్రాడు, యుద్ధం అయిపోయాక ఇంక ఎవరి ప్రాణమూ తీయనని ఒట్టు పెట్టుకుని ఊరూరా తిరుగుతుంటాడు. అతనే కెన్‌షిన్. నడుముకు కత్తి ఉంటుంది కానీ దాని పదును తిరగేసి ఉంటుంది. ఎదుటివాడికి తగిలే వైపు మొద్దు, పదును తన వైపు. టోక్యోలో కావోరు అనే అమ్మాయి తండ్రి వదిలిపోయిన కత్తిసాము బడిని ఒంటరిగా నెట్టుకొస్తుంటుంది, అతను అక్కడ చేరతాడు. మిగతా అంతా ఆ ఒట్టు నిలబెట్టుకోవడం గురించే.

ఇంక ఆ కోపం సంగతి. 2009లో హాలీవుడ్ వాళ్ళు డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్ తీశారు. ఆ మాంగా హీరో గోకుని అమెరికా హైస్కూల్ కుర్రాడిని చేసి, క్లాసులో వేధించేవాళ్ళు, ఇష్టపడ్డ అమ్మాయి, పార్టీ అంటూ అక్కడి స్కూలు సినిమాల మూసలో పోశారు. దానికి స్క్రిప్టు రాసిన బెన్ రాంసే 2016లో అభిమానులకి క్షమాపణ చెప్పాడు, తను అభిమానిగా కాకుండా పెద్ద డబ్బు వస్తుందని ఆ పని ఒప్పుకున్నానని కూడా ఒప్పుకున్నాడు. 2017లో నెట్‌ఫ్లిక్స్ డెత్ నోట్ వచ్చింది, పేరు రాస్తే ఆ మనిషి చచ్చిపోయే పుస్తకం ఒక కుర్రాడికి దొరికే కథ. కథని సియాటిల్‌కి మార్చారు, అది తప్పు కాదు, ఏ ఊరికైనా మార్చుకోవచ్చు. కానీ మాంగాలో లైట్ అనే కుర్రాడి దగ్గర భయం పుట్టించేదే వాడి నిదానం. మృత్యుదేవత ఎదురుగా నిలబడినా లెక్కలు వేసుకునే రకం. సినిమాలో అదే కుర్రాడు ఆ దేవతని చూసి గొంతు చించుకుని అరుస్తాడు. అక్కడితో ఆ కథ అయిపోయింది. పేర్లు ఉంచుకున్నారు, పుస్తకం ఉంచుకున్నారు, ఆపిల్ పండు కూడా ఉంచుకున్నారు, ఆ కథని నడిపించే స్వభావాన్ని మాత్రం తీసి పక్కన పెట్టేశారు.

దీనికి ఎదురు తప్పు ఇంకొకటి ఉంది, దాన్ని అభిమానులు సాధారణంగా క్షమిస్తారు, నేను క్షమించలేను. మాంగాలోని ప్రతి ప్యానెల్‌నీ, అంటే గడిలోని బొమ్మనీ, ఉన్నదున్నట్టు దింపడం. అదే జుట్టు రంగు, అదే నిలబడే తీరు, అదే డైలాగ్. బొమ్మలో ఎర్ర జుట్టు బాగుంటుంది, ఎందుకంటే దాని పక్కన ఉండే ముఖమూ చెట్టూ గోడా అన్నీ బొమ్మలే. నిజం మట్టి, నిజం ఎండ పక్కన అదే జుట్టు పెడితే ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అవుతుంది.

అసలు బొమ్మలో కెన్‌షిన్ వేగం ఎట్లా కనిపిస్తుందో ఆలోచించండి. ఒక ప్యానెల్‌లో కత్తి పిడి మీద చెయ్యి. పక్క దాంట్లో నాలుగు గీతలు. మూడో దాంట్లో ఎదుటివాడు నేల మీద. మధ్యలో జరిగినదంతా చదివేవాళ్ళ బుర్రలోనే జరుగుతుంది, ఎవరి కెన్‌షిన్ వాళ్ళకి ఉంటాడు. కెమెరా పెట్టాక ఆ ఖాళీ ఉండదు. ఆ మధ్యలోది ఎవరో ఒకరు ఒంటితో చేసి చూపించాలి. మాంగా సినిమాలు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే. ఆ చోటుని కంప్యూటర్ మెరుపులతో, స్లో మోషన్‌తో, హీరో నోటితో దెబ్బ పేరు అరిపించడంతో కప్పేస్తారు.

మా ఊరు పాకాల దగ్గర. మా వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి ఉన్నచోట ఎండాకాలంలో భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి నాటకం. కథ తెలియనివాళ్ళు ఒక్కరూ ఉండరు. అర్జునుడికి పాశుపతాస్త్రం దొరుకుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా తపస్సు మాను రోజు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం ఆటోల్లో ట్రాక్టర్లలో వచ్చి చేరతారు, ఎందుకంటే అర్జునుడి వేషం కట్టిన మనిషి అంత ఎత్తు మాను నిజంగా ఎక్కుతాడు. పద్యం పాడుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కి, పైనుంచి విభూతి, నిమ్మకాయలు విసురుతాడు, పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు కింద కాచుకుని ఉంటారు. వేషం వేషమే, అది అందరికీ తెలుసు. ఎక్కడం మాత్రం నిజం. తెలిసిన కథని మనుషులు మళ్ళీ ఆడి చూపించడంలో అర్థం ఏముంది అంటే నాకు తెలిసిన జవాబు అదే. కెన్‌షిన్ సినిమా తీసినవాళ్ళు ఆ జవాబుని పట్టుకున్నారు.

దర్శకుడు కెయిషి ఓటోమో, అంతకుముందు జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కేలో చారిత్రక సీరియళ్ళు తీసినవాడు. 2010లో ఆయన తీసిన ర్యోమాదెన్ సీరియల్‌లో టకేరు సాతో అనే కుర్రాడు ఒకాడా ఇజో పాత్ర వేశాడు. ఒకాడా ఇజో చరిత్రలో నిజంగా ఉన్న మనిషి, ఆ కాలపు నలుగురు పేరుమోసిన కత్తి హంతకుల్లో ఒకడు. వాట్సుకి కెన్‌షిన్‌ని సృష్టించడానికి ఆధారంగా తీసుకున్న కవాకామి గెన్‌సాయ్ ఆ నలుగురిలో ఇంకొకడు. అంటే ఓటోమో తన హీరోని పోస్టర్‌లో అందంగా ఉన్నాడని వెతికి పట్టుకోలేదు, అదే కాలంలో అదే పని చేసిన మనిషి పాత్రలో ముందే చూసుకుని ఉన్నాడు. సాతో మనిషి సన్నం, మెత్తటి ముఖం, పెద్ద కళ్ళు. మాంగాలోని కెన్‌షిన్ కూడా పొట్టివాడు, ఆడపిల్లలాంటి ముఖం అని అందరూ అనుకునేవాడు. చూస్తే ఎవరికీ హంతకుడని అనిపించడు, అనిపించకూడదు కూడా.

యాక్షన్ డైరెక్టర్ కెంజి తానిగాకి హాంకాంగ్‌లో యాక్షన్ హీరో డానీ యెన్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. నా దృష్టిలో ఈ ఐదు సినిమాలకి అసలు రచయిత ఈయనే. జపాన్ పాత కత్తి సినిమాల్లో ఇద్దరు ఎదురెదురుగా చాలాసేపు కదలకుండా నిలబడి, ఒక్క వేటుతో తేల్చుకోవడం ఎక్కువ. ఈయన దాన్ని పక్కన పెట్టి కెన్‌షిన్‌ని పరుగెత్తించాడు. మనిషి ఒంటిని నేలకి బాగా దించి, మలుపు దగ్గర పక్కకి వాలిపోతూ, ఒక చెయ్యి నేలకి ఆనించి దిశ మార్చుకుంటాడు, కాలు జారుతుంది, దుమ్ము లేస్తుంది, ఆ జారడంలోనే ఇంకొకడి కాళ్ళ మధ్యనుంచి అవతలికి పోతాడు. గోడ మీద రెండడుగులు వేసి దిగుతాడు. బొమ్మలో నాలుగు గీతలుగా ఉన్న వేగం ఇక్కడ బరువున్న మనిషి వేగంగా మారింది. స్టంట్లలో ఎక్కువ భాగం సాతోనే చేశాడు, కాబట్టి ముఖం దాచడానికి వీపు మీద నుంచి కట్ చేయాల్సిన అవసరం రాలేదు, షాట్ అట్లా సాగుతుంది. మొదటి సినిమాలో కావోరు నడిపే కామియా బడిలోకి రౌడీలు జొరబడే సీన్ ఒక్కటి చూడండి. ఎంతమంది మీద పడుతున్నా ఎవరు ఎక్కడ ఉన్నారో మనకి తెలుస్తూనే ఉంటుంది. ఎడిటింగ్ చేసేవాణ్ణిగా చెప్తున్నా, అది చాలా కష్టమైన పని.

దెబ్బల పేర్లు అరవడం దాదాపు తీసేశారు. మాంగాలో ప్రతి దెబ్బకీ ఒక పేరు, ఆ పేరు వెనక రెండు పేజీల వివరణ ఉంటాయి. చదవడానికి అది నాకూ ఇష్టం. కానీ నిజం మనిషి పరుగెత్తుతూ ఆగి ఆ పేరు చెప్తే ఊపు పోతుంది. దుస్తుల విషయం కూడా అంతే. ఆ ఎర్ర కిమోనో ఉంది, కానీ ఏళ్ళ తరబడి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా ఉంది, అంచులకి మట్టి. జుట్టు ఎరుపు అనీ అనలేం, గోధుమ రంగు అనీ అనలేం. చెంప మీద గాటు మాత్రం ఏమాత్రం తగ్గించలేదు, ఎందుకంటే ఆ గాటులోనే కథ ఉంది.

తిరగేసిన కత్తి ఇంకో సంగతి. పుస్తకంలో అది ఒక ఆలోచనగా ఉంటుంది, బొమ్మలో ఏ వైపు పదునో చాలాసార్లు గుర్తు కూడా ఉండదు. సినిమాలో అది చప్పుడు. కోసిన చప్పుడు కాదు, కట్టెతో ఎముక మీద కొట్టిన చప్పుడు. దెబ్బ తిన్నవాడు రెండు ముక్కలు కాడు, పక్కటెముకలు పట్టుకుని పడిపోయి మూలుగుతుంటాడు, అందుకే ఒక్కొక్కణ్ణి రెండు మూడు సార్లు కొట్టాల్సి వస్తుంది, అందుకే ఫైట్లు పొడుగు, అందుకే కెన్‌షిన్ అలసిపోతాడు. పండక్కి ఊళ్ళో టీవీలో చూస్తుంటే మా అవ్వ వచ్చి కూర్చుని, కాసేపు చూసి, "ఏందిరా ఆ పిల్లోడు, చేతిలో కత్తి పెట్టుకోని కట్టెతో కొట్టినట్టు కొడతాండాడు? సంపడా?" అని అడిగింది. భాష రాదు, సబ్‌టైటిల్స్ చదవదు, కథ ఎవరూ చెప్పలేదు. చంపకూడదనే ఒట్టు ఆమెకి కదలికలోనే అర్థమైంది. లైవ్ యాక్షన్ ఎందుకు తీయాలి అనే ప్రశ్నకి ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

ఇక ఒక్కో సినిమా సంగతి. మొదటిది 2012 ఆగస్టులో వచ్చింది. మంచులో జరిగే 1868 టోబా-ఫుషిమి యుద్ధంతో మొదలవుతుంది. కథలో చాలా మార్పులు చేశారు, అవి నాకు బాగా నచ్చాయి. మాంగాలో వేర్వేరుగా ఉన్న రెండు మూడు కథల్ని ఒకటి చేశారు. బట్టోసాయ్ పేరు చెప్పుకుని హత్యలు చేసే దొంగ బట్టోసాయ్ మాంగాలో ఒక చిల్లర విలన్, వాణ్ణి తీసేసి ఆ పనిని ఉడో జినే అనే అసలైన పిచ్చి హంతకుడికి ఇచ్చారు. దాంతో మొదటి అధ్యాయంలోని చిన్న గొడవకీ చివరి ఫైట్‌కీ ముడి పడింది. నల్లమందు వ్యాపారి కాన్‌ర్యు దగ్గర మాంగాలో ఉండే అవోషి అనే నాయకుడు, అతని గూఢచారుల దళం ఇందులో లేరు, వాళ్ళని తర్వాతి సినిమాకి ఉంచుకున్నారు. అభిమానులు అప్పట్లో నొచ్చుకున్నారు. కానీ ఆ దళం కథకి తగినంత చోటు లేకుండా ఇరికిస్తే రెండు కథలకీ అన్యాయం జరిగేది. వంటగదిలో కెన్‌షిన్ స్నేహితుడు సనోసుకే కొట్లాట మధ్యలో ఆగి తిండి తినే చోట నవ్వొచ్చింది, అట్లాంటి తేలికదనం మాంగాలో ఎంత ఉందో సినిమాలోనూ అక్కడక్కడా ఉంచారు. కాన్‌ర్యు చేతిలో చిక్కుకున్న మెగుమిగా యు ఆవోయి చాలా బాగా చేసింది. కాన్‌ర్యుగా వేసిన టెరుయుకి కగావా మాత్రం మరీ ఎక్కువ చేశాడు, మిగతావాళ్ళంతా ఒక సినిమాలో ఉంటే ఆయన ఒక్కడూ ఇంకో సినిమాలో ఉన్నట్టు ఉంది.

2014 సినిమాలు రెండూ, క్యోటో ఇన్‌ఫెర్నో, ద లెజెండ్ ఎండ్స్, షిషియో కథ. కెన్‌షిన్ మానేసిన హంతకుడి ఉద్యోగంలోకి అతని తర్వాత వచ్చినవాడు షిషియో. పని అయ్యాక కొత్త ప్రభుత్వం వాణ్ణి కాల్చి చంపాలని చూసింది, వాడు చావలేదు. ఒళ్ళంతా కట్లతో, ముఖం కనపడకుండా, గొంతూ కళ్ళతోనే టట్సుయా ఫుజివారా ఆ పాత్రని నిలబెట్టాడు. ఇదే ఫుజివారా 2006 జపాన్ డెత్ నోట్‌లో లైట్ వేషం వేశాడు. సియాటిల్ డెత్ నోట్ చూసి విసిగిపోయినవాళ్ళు అది కూడా వెతికి చూడండి, తేడా తెలుస్తుంది. షిషియో మనిషి సోజిరోగా వేసిన ర్యునోసుకే కమికి చిరునవ్వు చెదరకుండా కెన్‌షిన్ కత్తిని విరగ్గొట్టే సీన్ చూసి మా తమ్ముడి స్నేహితులు ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయారు, అప్పటిదాకా గోల గోల. క్యోటోలో అవోషికీ, అతని దళం మనిషే అయిన ముసలి ఒకినాకీ మధ్య ఫైట్ కూడా వదలకూడనిది.

కానీ ఈ రెండిటి మీదే నా ఫిర్యాదులన్నీ. షిషియో దగ్గర పది కత్తుల ముఠా ఉంటుంది, మాంగాలో ఒక్కొక్కడికీ ఒక గతం, ఒక కోపం. బౌద్ధ సన్యాసి అంజి కథ చదివి బాధపడనివాళ్ళని నేను చూడలేదు. సినిమాలో అతణ్ణి ఒక్క కొట్లాటతో తేల్చేశారు, మిగతావాళ్ళు గుంపులో కలిసిపోయారు. అవోషిని తెచ్చింది కెన్‌షిన్‌తో కొట్లాడించడానికే తప్ప, అతను ఎందుకు అట్లా అయిపోయాడో చూసేవాళ్ళకి తగలదు. లెజెండ్ ఎండ్స్ మొదటి గంట బాగా నెమ్మది. గురువు హికో దగ్గర శిక్షణ అవసరమే, ఆ వేషం వేసిన ఫుకుయామా బాగానే చేశాడు, కానీ అంత సేపు అక్కర్లేదు, నేనైతే అందులో మూడో వంతు తీసేసేవాణ్ణి. కావోరుకి చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, ఎదురుచూడడం తప్ప. మాంగాలో ఆమె బడి నడిపే మనిషి, కత్తి పట్టి నేర్పే మనిషి. దాన్ని తగ్గించడం నాకు నచ్చలేదు. అయితే ఓడ మీద చివరి ఫైట్, నలుగురు కలిసి షిషియోని ఎదుర్కొనేది, ఆ నెమ్మదిని అంతా మరిపిస్తుంది. ఒంట్లో చెమట పట్టదు కాబట్టి వాడు ఎక్కువసేపు కొట్లాడితే ఒళ్ళు వేడెక్కి ప్రాణానికే ముప్పు, అది మాంగాలో డాక్టరు మాటగా ఉంటుంది. ఇక్కడ ఒళ్ళు పొగలు కక్కుతుండగా వాడు ఇంకా నవ్వుతుంటే ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాతి రెండూ 2020 వేసవిలో రావాల్సినవి, కరోనా వల్ల ఏడాది వెనక్కి పోయి 2021 ఏప్రిల్, జూన్ నెలల్లో జపాన్‌లో విడుదలయ్యాయి, మనకి అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. ద ఫైనల్‌లో విలన్ ఎనిషి, కెన్‌షిన్ గతంలోంచి పగ పట్టుకుని వచ్చిన కుర్రాడు. ఆ వేషం వేసిన మాకెన్యునే 2023 నెట్‌ఫ్లిక్స్ వన్ పీస్ సిరీస్‌లో జోరో వేషం కూడా వేశాడు. రైలు పెట్టెలో అతను పోలీసుల్ని కొట్టుకుంటూ పోయే సీన్‌తో సినిమా మొదలవుతుంది, ఆ ఒంటి కండ, ఆ విసురు కెన్‌షిన్ జారుడు నడకకి పూర్తిగా వ్యతిరేకం. అందుకే చివర్లో ఇద్దరూ ఎదురుపడితే రెండు రకాల కోపాలు కొట్లాడుతున్నట్టు ఉంటుంది. మాంగాలో ఈ భాగంలో కెన్‌షిన్ గుండె పగిలి, కత్తికి గొలుసు చుట్టుకుని, దిక్కులేని వాళ్ళ మధ్య కూలబడిపోయే అధ్యాయాలు ఉన్నాయి. సినిమాలో అవి లేవు. సమయం లేదని తెలుసు, అయినా ఆ లోటు నాకు తగిలింది. హీరో అంత లోతుకి పడిపోవడం చూపించే ధైర్యం ఉండాల్సింది.

ద బిగినింగ్ దగ్గరికి వస్తే నేను నిదానంగా మాట్లాడాలి. ఐదింటిలో ఇది వేరే సినిమా. 1860ల క్యోటో, కెన్‌షిన్ ఇంకా హంతకుడుగా ఉన్న రోజులు, టొమోయే అనే ఆమెతో అతని జీవితం. మాంగాలో ఇది మధ్యలో వచ్చే పాత కథ. సినిమావాళ్ళు దాన్ని చివరికి పెట్టారు. రంగులు దాదాపు తీసేశారు, మాటలు తక్కువ, నవ్వులు లేవు. కసుమి అరిమురా టొమోయేగా ముఖంలో ఏమీ చూపించకుండానే అన్నీ తెలిసేట్టు చేసింది.

అన్నిటికంటే పెద్ద మార్పు కత్తిలో ఉంది. ఇందులో అతని చేతిలో ఉన్నది మామూలు కత్తి, పదును ఎదుటివాడి వైపు. నాలుగు సినిమాలుగా మనం చూసిన ఆ పరుగు, ఆ వాలడం, ఆ జారడం అన్నీ అట్లాగే ఉన్నాయి, కానీ దెబ్బ తగలగానే పని అయిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కటి. మూలుగు ఉండదు, రెండోసారి కొట్టడం ఉండదు. చేతులు కట్టేసి ఉండగా మొదలయ్యే మొదటి ఫైట్ చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అంతవరకు నేను మెచ్చుకుంటూ వచ్చిన నైపుణ్యం దేనికోసం నేర్చుకున్నదో అక్కడ కనిపించింది. ఒక్క మాట లేకుండా, తానిగాకి ఒకే ఒంటికి రెండు రకాల యుద్ధం నేర్పి చూపించాడు. ముందటి నాలుగింటిలో ఫైట్లు ఎందుకు అంత పొడుగో, అతను ఎందుకు అంత అలసిపోతాడో ఇక్కడ అర్థమవుతుంది. చంపకుండా ఉండడం ఎంత కష్టమైన పనో మాంగా మాటల్లో చెప్పింది, సినిమా ఒంటితో చెప్పింది. మాంగా ఇవ్వలేనిది సినిమా ఇచ్చిన చోటు ఇది, మాంగాని అంతగా ప్రేమించే నేను ఈ మాట అంటున్నాను.

అందుకే చూసే వరుస ముఖ్యం. కథాకాలం ప్రకారం ద బిగినింగ్ ముందు చూడమని కొందరు చెప్తారు. వినకండి. విడుదలైన వరుసలోనే చూడండి, మొదటిది, క్యోటో ఇన్‌ఫెర్నో, లెజెండ్ ఎండ్స్, ఫైనల్, చివరికి బిగినింగ్. ఒక్కోటి దాదాపు రెండుంబావు గంటలు ఉంటుంది, ఒకే రోజు కూర్చుని అన్నీ లాగించే సినిమాలు కావు. క్యోటో ఇన్‌ఫెర్నో మాత్రం సగంలో ఆగినట్టు ముగుస్తుంది కాబట్టి దాన్నీ లెజెండ్ ఎండ్స్‌నీ వరుస రోజుల్లో పెట్టుకోండి. మా అవ్వ ఓడ ఫైట్ దగ్గర "ఆ రొద నా వల్ల కాదు నాయనా" అని లేచి వెళ్ళిపోయింది, అది కూడా చెప్పడం న్యాయం, చివరి గంటలో చప్పుడు ఎక్కువే.

చిన్నపిల్లలకి బిగినింగ్ వద్దు. రక్తం బాగా ఉంది, అది సరదా రక్తం కాదు. మొదటి మూడు పదో తరగతి పిల్లలతో కూర్చుని చూడొచ్చు. ఇంకో విషయం, మాంగా గీసిన వాట్సుకి మీద 2017లో పిల్లల అశ్లీల వీడియోలు దగ్గర ఉంచుకున్నాడని కేసు అయింది, 2018లో రెండు లక్షల యెన్‌ల జరిమానా పడింది. ఇది తెలిశాక కొందరు అభిమానులు ఈ కథ వైపే చూడడం మానేశారు, వాళ్ళని నేను తప్పు పట్టను. వందల మంది నటులు, స్టంట్ మనుషులు, కళాకారులు చేసిన పనిగా నేను ఈ సినిమాలని చూస్తాను, అయినా పుస్తకాలు కొనమని ఇక్కడ ఎవరికీ చెప్పను. తల్లిదండ్రులు ఎవరైనా అడిగితే ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

జపనీస్ ఆడియోతో చూడండి. ఇంగ్లీష్ డబ్బింగ్‌లో షిషియో గొంతు పోతుంది, షిషియో గొంతు పోతే రెండు సినిమాలు పోతాయి. సబ్‌టైటిల్స్ చదవడం ఇబ్బంది అనుకునేవాళ్ళు మాటలు వదిలేసి ఫైట్లు చూసినా చాలావరకు తెలుస్తుంది, అది మా ఇంట్లోనే చూశాను. ఫోన్లో మాత్రం వద్దు, ఆ వెడల్పు షాట్లలో పదిమంది మధ్య కెన్‌షిన్ కాళ్ళు ఎటు పోతున్నాయో చిన్న తెరలో కనపడదు. టీవీ లేకపోతే స్నేహితుల ల్యాప్‌టాప్ అయినా అడిగి తీసుకోండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.